దమ్ము ముందొస్తుంది, ఎముక తర్వాత వస్తుంది

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన ఏడాది మా ఊరి జూనియర్ కాలేజీ గ్రౌండ్‌కి నిద్ర ఉండదు. తెల్లవారుజామున నాలుగున్నరకే పిల్లలు దిగుతారు. ఇంకా వెలుతురు రాకముందే కొందరు రౌండ్లు కొడుతుంటారు, కొందరు ఇసుక గుంతలో లాంగ్‌జంప్ దూకుతుంటారు. వీళ్లలో చాలామంది ప్రిలిమ్స్ ఫలితం వచ్చాకే బూట్లు కొనుక్కున్నవాళ్లు. ఈవెంట్స్‌కి (శారీరక పరీక్షలకి) ఒక్కోసారి గట్టిగా రెండు నెలలు కూడా ఉండవు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లకు 1600 మీటర్లకు 8 నిమిషాలు. అంటే మగవాళ్లకు నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద రౌండుకి రెండు నిమిషాలో, అంతకన్నా తక్కువో.

నేను ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దున్నే వెళ్లి గట్టు మీద కూర్చుంటాను. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం బద్ధకస్తులకు తగిలినవి కావు. పట్టుదలతో, ఇంట్లోవాళ్ల ఆశలన్నీ భుజాన వేసుకుని పరిగెత్తిన పిల్లలకే తగిలాయి. అది చూసి చూసి బాధపడి రాస్తున్న మాటలివి.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. పరుగు మొదలుపెట్టగానే ఒంట్లో అన్నీ మారడం మొదలవుతాయి గానీ, అన్నీ ఒకే వేగంతో మారవు. రక్తంలో నీటి భాగం మొదటి వారంలోనే పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, ఆయాసం కాస్త తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో నరాలు కండరాన్ని ఇంకా బాగా పిలవడం నేర్చుకుంటాయి. అందుకే కండ పెరగకుండానే బలం పెరిగినట్టనిపిస్తుంది. కండరం లోపల శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి కొన్ని వారాలు, కండ కంటికి కనిపించేలా పెరగడానికి రెండు నెలల దాకా పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టిపెట్టే స్నాయువులు, ఆ ఎముకలు గట్టిపడటానికి నెలలే కావాలి. కాబట్టి దమ్ము ముందొస్తుంది, ఎముక తర్వాత వస్తుంది. ప్రమాదమంతా ఆ మధ్య ఎడంలోనే ఉంది.

మొదటి పది రోజులు

మొదటి రోజే వాచీ పెట్టుకుని 1600 మీటర్లు పూర్తి వేగంతో కొట్టి "నా టైమెంతో చూద్దాం" అనుకోకండి. ఆ టైము వల్ల మీకు తెలిసేదేమీ ఉండదు. నాలుగు నిమిషాలు మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, మళ్లీ పరుగు. ఇలా ఇరవై అయిదు నిమిషాలు చాలు. పక్కవాడితో మాట తెగకుండా మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. మాట ముక్కలు ముక్కలుగా వస్తోందంటే తగ్గించండి.

మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తాయి. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ప్రాణం పోతుంది. "లాక్టిక్ యాసిడ్ చేరింది సార్" అంటారు పిల్లలు. అది నిజం కాదు. పరుగులో తయారైన లాక్టేట్ గంట, గంటన్నర లోపే ఖర్చైపోతుంది. గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడేసుకుంటాయి. ఈ నొప్పి వేరే. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే దిగువకు పరిగెత్తినప్పుడు, దూకి కాళ్ల మీద వాలినప్పుడు, గుంజీలో కిందికి కూర్చున్నప్పుడు, లోపలి సన్నని పోగులకు చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. ఒంటి మరమ్మతు పని మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య నొప్పి ముదిరి తగ్గిపోతుంది. ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొప్పెట్టదు. కాబట్టి మొదటి మోతాదు చిన్నదిగా ఉండాలి. ఆ చిన్న మోతాదే తర్వాతి పెద్ద పనికి రక్షణ.

నొప్పిగా ఉన్న రోజు మెల్లగా నడవండి, సైకిల్ తొక్కండి. అదే కండరానికి అదే రోజు మళ్లీ గట్టి పని పెట్టకండి.

గుంజీల గురించి గట్టిగా ఒక మాట

ఇది పిల్లల కన్నా పెద్దలకు చెప్పాలి. బడిలో శిక్షగానో, అకాడమీలో "ఒళ్లు వంచడానికో" అలవాటు లేని పిల్లలతో వంద, రెండు వందల గుంజీలు తీయించకండి. ఎప్పుడూ, ఏ కారణం చెప్పీ తీయించకండి. అలవాటు లేని కండరాన్ని అలా నలిపేస్తే చిన్న దెబ్బలతో ఆగదు. కండర కణాలు పగిలి, లోపలున్న మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి పోతుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పగిలిన కణాల నుంచి పొటాషియం కూడా బయటికొస్తుంది. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. వైద్యులు దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. పరుగు మానేసి ఏడాదైన కుర్రాడు ఒక్క రోజున వందల కొద్దీ బస్కీలు తీసినా, జిమ్‌లో మొదటి రోజే పంతానికి పోయి బరువులెత్తినా ఇదే ముప్పు. ఎండలో అయితే ముప్పు ఇంకా ఎక్కువ.

గుర్తుపట్టడం సులభం. మామూలు నొప్పిని మించి కాళ్లు చేతులు బిగుసుకుపోయి వాస్తాయి, నీరసం కమ్మేస్తుంది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. ఆ రంగు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. కొబ్బరినీళ్లు తాగి చూద్దాం అనుకోకండి. అందులోనూ పొటాషియమే ఎక్కువ. ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లి, ఎంత వ్యాయామం చేశారో, ఎప్పుడు చేశారో డాక్టరుకి చెప్పండి. క్రియాటిన్ కైనేజ్, మూత్రపిండాల పరీక్షలు చేస్తారు. త్వరగా వెళితే చాలామందికి సెలైన్‌తోనే నయమవుతుంది.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా

ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పిల్లలు ఇక్కడే ఆగరు. మూడు వారాలు గడిచేసరికి దమ్ము వచ్చేస్తుంది. మొన్నటిదాకా రెండో రౌండుకే రొప్పినవాడు నాలుగు రౌండ్లూ ఆగకుండా కొడతాడు. ఆ ఉత్సాహంలో పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట మొదలుపెడతాడు. ఎముక మాత్రం ఆ సమయంలో మామూలు కంటే బలహీనమైన దశలో ఉంటుంది.

ఎందుకంటే, భారం పెరిగినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తొలిచేసుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది పోసుకుంటుంది. తొలవడం మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. తొలిచిన చోట కొత్త ఎముక చేరి గట్టిపడటానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పాత గోడ పడగొట్టి కొత్తది సగం లేచిన ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది అప్పుడు మన ముంగాలి ఎముక పరిస్థితి. ఆ గోడ మీదే రోజుకి రెండు పూటలా దూకితే సన్నటి బీటలు పడతాయి.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే, కవాతు చేసే సైనికుల పాదాలు వాచి నొప్పెట్టడం గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. అది 1895లో వచ్చింది. ఆ తర్వాతే అవి ఎముకలో బీటలని తెలిసింది. ఇప్పటికీ ప్రపంచంలో ఏ సైన్యంలో చూసినా కొత్తగా చేరినవాళ్లకే ఇవి ఎక్కువ.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. నాలుగో వారంలో ఎడమ మోకాలి కింద నొప్పన్నాడు. ఆపమన్నాను. అతను చేరిన కోచింగ్ సెంటర్‌లో "నొప్పి లేకుండా ఉద్యోగం రాదు" అని చెప్పి, పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోమన్నారట. పది రోజులు అలాగే పరిగెత్తాడు. పదకొండో రోజు మూడో రౌండులో టప్‌మన్న చప్పుడు పక్కవాడికి కూడా వినిపించింది. ఆ ఏడాది ఈవెంట్స్ రోజున అతను సిమెంటు కట్టుతో ఇంట్లో ఉన్నాడు. ఆ నాలుగో వారంలో పదిహేను రోజులు ఆగి ఉంటే ఆ పిల్లవాడికి మళ్లీ పరిగెత్తే అవకాశం ఉండేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి ఒంటి వేలి పరీక్ష నేర్చుకోండి. ముంగాలి ఎముక లోపలి అంచు వెంట చూపుడు వేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. జానెడు పొడవునా సలుపుగా ఉంటే అది ఎముక పైపొర మంట. పరుగు సగానికి తగ్గించి, మట్టి నేల మీదికి మారి, అరిగిన బూట్లు మార్చండి. ఒక్క వేలి మోపు చోట మాత్రమే గుచ్చినట్టు నొప్పెడుతుంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతుంటే, రాత్రిళ్లు కూడా సలుపుతుంటే పరుగు పూర్తిగా ఆపండి. ఎముకల డాక్టరుకి చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో బీట కనపడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది కదా" అని మళ్లీ గ్రౌండ్‌కి రాకండి. నొప్పి ఉన్నంతకాలం బీట ఉన్నట్టే లెక్క. ఆ రోజుల్లో ఈత, సైకిల్ చేయవచ్చేమో డాక్టరునే అడగండి. దమ్ము నిలబడుతుంది, ఎముకకు విశ్రాంతి దొరుకుతుంది.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తకండి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి ఒంటి హెచ్చరికను నొక్కేస్తాయి. చెమట పోసి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలకూ చేటు చేస్తాయి.

వారానికి కనీసం ఒక రోజు పూర్తిగా సెలవు పెట్టండి. దూరాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచకండి. మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించండి. తారు రోడ్డు మీద రోజూ పరిగెత్తకండి. ముఖ్యంగా వాలుగా ఉండే రోడ్డు అంచున ఒకే వైపు పరిగెత్తకండి.

మెల్లగా ఎందుకు పరిగెత్తాలి

"నాకు వేగం కావాలి సార్, మీరేమో మెల్లగా అంటారు" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కండరంలో అప్పటికప్పుడు వాడుకునే శక్తి కొన్ని సెకన్లకే సరిపోతుంది. వంద మీటర్లు దానితోనే, ఆక్సిజన్ అవసరం లేకుండా మండే చక్కెరతోనే గడిచిపోతాయి. ఏడెనిమిది నిమిషాలు పట్టే 1600 మీటర్లలో మాత్రం సింహభాగం ఆక్సిజన్‌తో తయారైన శక్తే. ఆ ఆక్సిజన్‌ని వాడే పొయ్యిలే మైటోకాండ్రియా. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద మూడు నెలలు పరిగెత్తించి వాటి కాలి కండరాలను పరీక్షించాడు. ఆక్సిజన్‌తో శక్తి పుట్టించే సామర్థ్యం దాదాపు రెట్టింపై ఉంది. మనుషుల్లోనూ అదే దారిలో మార్పు వస్తుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. పొయ్యిలు పెరిగితే అదే వేగానికి చక్కెర తక్కువ, కొవ్వు ఎక్కువ ఖర్చవుతుంది. లాక్టేట్ ఆలస్యంగా పేరుకుంటుంది.

ఈ పొయ్యిలు పెరగాలంటే గట్టి పరుగు కూడా కావాలి, కాదనను. అది వారానికి రెండు రోజులు చాలు. 400 మీటర్లు కాస్త గట్టిగా, రెండు మూడు నిమిషాలు నడక, అలా నాలుగైదు సార్లు. ఈ రెండు రోజుల మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉంచండి. మిగతా రోజులు మెల్లగానే. ఇంకో రెండు రోజులు తొడలకు, పిక్కలకు, నడుముకు బలం వచ్చే పని చేయండి. మా ముందు తరం తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసేవారు, సంగిడీలు ఎత్తేవారు. వాళ్లు కూడా పదితో మొదలుపెట్టి నెలల మీద పెంచుకున్నవాళ్లే.

గట్టి పరుగుకు ముందు పది నిమిషాలు వార్మప్ తప్పనిసరి. వేడెక్కిన కండరం తేలిగ్గా సాగుతుంది, త్వరగా స్పందిస్తుంది. చల్లటి ఒంటితో నేరుగా వంద మీటర్లు కొట్టకండి. తొడ వెనక కండరం పట్టేది అప్పుడే. వార్మప్ అంటే నిలబడి నిమిషాల తరబడి కాళ్లు సాగదీయడం కాదు. మెల్లగా పరుగు, మోకాళ్లు ఎత్తుతూ నడక, కాళ్లు ఊపడం, మూడు నాలుగు చిన్న పరుగులు. సాగదీసే పని చివర్లో చేసుకోండి.

జ్వరం వచ్చి తగ్గాక

జ్వరంలో పరిగెత్తకండి. వైరస్ జ్వరాల్లో ఒక్కోసారి గుండె కండరం కూడా వాస్తుంది. ఆ సమయంలో గట్టి శ్రమ ప్రాణాంతకం. జ్వరం తగ్గాక ఎన్ని రోజులు పడుకున్నారో కనీసం అన్ని రోజులు మెల్లగా గడపండి. డెంగీ అయితే డాక్టరు సరేనన్నాకే బూట్లు కట్టండి.

మానేస్తే తగ్గేది కూడా వేగంగానే తగ్గుతుంది. 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లను ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ఆక్సిజన్ వాడుకునే వాళ్ల గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు లాక్కున్న దానికంటే ఆ మూడు వారాల మంచం లాక్కున్నదే ఎక్కువని తేలింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. అప్పట్లో ఆ కుర్రాళ్లు రెండు నెలల వ్యాయామంతో పోయిందంతా తిరిగి తెచ్చుకున్నారు. మీరూ తెచ్చుకుంటారు. అయితే ఆగిన చోట నుంచి మొదలుపెట్టకండి, నాలుగడుగులు వెనక్కి వేసి మొదలుపెట్టండి.

అన్నం, గుడ్డు, పొడి డబ్బాలు

అన్నం మానేయకండి. 1966లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు యోనస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ తమ మీద తామే ప్రయోగం చేసుకున్నారు. ఒకే సైకిల్‌కి అటొకరు, ఇటొకరు కూర్చుని ఒక్కో కాలితోనే అలసిపోయేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు పిండి పదార్థాలున్న తిండి బాగా తిన్నారు. సూదితో రెండు తొడల నుంచి కండరం ముక్కలు తీసి చూస్తే, పనిచేసిన కాలిలో గ్లైకోజెన్ (కండరం దాచుకునే చక్కెర) నిల్వ పనిచేయని కాలి కన్నా దాదాపు రెట్టింపుంది. ఒకే మనిషి, ఒకే తిండి. పనిచేసిన కండరమే ఎక్కువ దాచుకుంది. ఖాళీ అయిన కండరం తిండి కోసం తలుపులు తెరుచుకుని ఉంటుంది. పరుగయ్యాక గంటలోపు అన్నమో, ఇడ్లీయో, అరటిపండో పెట్టండి దానికి.

నాలుగు రౌండ్లకే గ్లైకోజెన్ అయిపోదు. రోజూ రెండు పూటలా పరిగెత్తుతూ, "బరువు తగ్గాలి" అని అన్నం తగ్గించినవాళ్లకి వారం తిరిగేసరికి నిల్వ అడుగంటుతుంది. కాళ్లు సీసంలా బరువెక్కుతాయి. అప్పుడు తప్పు తిండిదైతే, పిల్లలు తమ మనోబలాన్ని తిట్టుకుంటారు.

మాంసకృత్తులు కిలో బరువుకి 1.2 నుంచి 1.6 గ్రాములు చాలు. అరవై కిలోల మనిషికి డెబ్బై నుంచి తొంభై అయిదు గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల కందిపప్పులో ఇరవై రెండు, వంద గ్రాముల వేరుశనగల్లో ఇరవై అయిదు గ్రాముల దాకా ఉంటాయి. పప్పు, గుడ్లు, పెరుగు, ఉడకబెట్టిన శనగలు, వారానికి రెండుసార్లు చేపో కోడో ఉంటే ఇంట్లోనే సరిపోతుంది. పేరూ ఊరూ లేని పొడి డబ్బాలు కొనకండి. "ఈవెంట్స్ ముందు ఒక్క ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు రౌండ్లు తేలిగ్గా పోతాయి" అని ఎవరైనా చెబితే ఆ మనిషికి దూరంగా జరగండి. స్టెరాయిడ్లు కండను పెంచవచ్చు గానీ స్నాయువును ఆ వేగంతో పెంచవు, గుండెను కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పరుగుకు ముందు ఎనర్జీ డ్రింకులూ వద్దు.

ఏడెనిమిది గంటలు నిద్రపోండి. ఒంటి మరమ్మతు పని ఎక్కువగా నిద్రలోనే జరుగుతుంది. రాత్రి పన్నెండింటిదాకా చదివి నాలుగింటికి గ్రౌండ్‌కి రావడం కష్టపడటం అనిపించుకోదు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా: మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువైతే ఎంత సాధన చేసినా కండరానికి చేరాల్సిన ఆక్సిజన్ చేరదు. శిక్షణ మొదలుపెట్టే ముందే ఆ చిన్న రక్త పరీక్ష చేయించుకోండి. శిక్షణలో రెండు మూడు నెలలు నెలసరి ఆగిపోతే "హమ్మయ్య" అనుకోకండి. తిండి చాలడం లేదని, ఎముక పలచబడుతోందని ఒళ్లు చెబుతున్న కబురు అది.

ఎండ

కండరం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతే కదలికవుతుంది, మిగిలిందంతా వేడి. ఎండలో ఆ వేడి ఎక్కువగా చెమట ఆరడం వల్లే పోతుంది. కోస్తాలో ఉక్కపోత రోజున చెమట కారిపోతుందే గానీ ఆరదు. కాబట్టి ఎండాకాలంలో ఉదయం ఏడు లోపు ముగించండి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఈవెంట్స్ పగటిపూట ఉంటాయని తెలిస్తే, చివరి రెండు వారాలు కొద్దికొద్దిగా ఎండలో సాధన చేయండి. ఒక్క రోజులో అలవాటు చేసుకోవాలని చూడకండి. బరువు తగ్గుతామని ప్లాస్టిక్ జాకెట్లు వేసుకుని పరిగెత్తకండి. తగ్గేది నీరే.

పరిగెత్తుతున్నవాడు తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని కొట్టిపారేయకండి. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఉండవచ్చు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకండి. నీడలోకి లాగి, బకెట్లతో నీళ్లు పోయండి. ఐసు దొరికితే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి. తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా నీళ్లలో ఉంచండి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

మీ వెంట వచ్చే అమ్మానాన్నలకు

పిల్లల్ని బండి మీద దింపి, గ్రౌండ్ చుట్టూ నడిచే తల్లిదండ్రులు చాలామంది. వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు తక్కువేం లేరు. వాళ్లకు ఇది శుభవార్త: పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు. చక్కెరను లోపలికి తీసుకునే గ్లూట్-4 అనే ద్వారాలను తనంతట తానే తెరుచుకుంటుంది. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట ఆ కండరం బాగా వింటుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి నడక మానకండి. వారానికి నూట యాభై నిమిషాల నడక, రెండు రోజులు కండరాల పని పెట్టుకోండి. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా మంచిదే.

ఆ ద్వారాలే ఒక్కోసారి ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మందేసుకుని ఏమీ తినకుండా నడకకు రాకండి. బయల్దేరే ముందు షుగర్ 90 కన్నా తక్కువుంటే ముందు ఏదైనా తినండి. తొడకు ఇన్సులిన్ వేసుకుని వెంటనే నడవకండి, మందు వేగంగా రక్తంలో కలుస్తుంది. జేబులో పంచదార పొట్లం ఉంచుకోండి. వణుకు, చెమట, గుండెదడ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ షుగర్ చూసుకోండి. ఎక్కువగా నడిచిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. చెప్పులు లేకుండా నడవకండి. రోజూ అరికాళ్లు చూసుకోండి. షుగర్ వల్ల కంటి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు, బీపీ ఎక్కువున్నవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తకండి. కొలెస్టరాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడుతూ కొత్తగా ఒళ్లునొప్పులు మొదలైతే నడక మీదికి తోయకుండా డాక్టరుకి చెప్పండి.

గుండె సంగతి

పరుగు మధ్యలో స్పృహ తప్పడం, ఛాతీలో బరువు, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, ఇంట్లో రక్తసంబంధీకులెవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం: వీటిలో ఒక్కటి ఉన్నా ఈసీజీ, ఎకో చేయించుకున్నాకే గ్రౌండ్‌కి రండి. ఉద్యోగం పోతుందేమోనని దాచకండి. ఎవరైనా కుప్పకూలి, పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే చుట్టూ మూగి ముఖం మీద నీళ్లు చల్లుతూ కూర్చోకండి. ఒకరు 108కి ఫోన్ చేయండి. ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతున నొక్కండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. చేతులు అలిసిపోతే మనిషి మారండి.

ఈవెంట్స్ రోజు

చివరి వారంలో పరుగు సగానికి తగ్గించండి. ఆ వారంలో కొత్త దమ్ము రాదు, ఉన్న అలసట మాత్రం పోతుంది. కొత్త బూట్లు, కొత్త తిండి ఆ రోజు వద్దు. రెండు మూడు గంటల ముందు తేలికగా తినండి. విజిల్ పడగానే అందరితో పాటు ఉరకకండి. మొదటి రౌండు ఎవరు ముందున్నారో చూడకండి, మీ రౌండు టైమే మీది.

గీత దాటగానే కూలబడకండి, నిలబడిపోకండి. పరిగెత్తేటప్పుడు పిక్కల కండరాలే రక్తాన్ని గుండెకు తిరిగి తోస్తుంటాయి. కాళ్లు ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఫలితం అడగడానికి టేబుల్ దగ్గరికి పరిగెత్తకుండా, చేతులు నడుముకి పెట్టుకుని ఊపిరి సర్దుకునేదాకా నడవండి. మీ టైము దాన్ని కొలిచే యంత్రంలో ఎప్పుడో నమోదైపోయింది.